ఉక్కు కట్టడాలకు ఫైబర్ పట్టీల దన్ను
కంపనాలు, భూకంపాల నుంచి రక్షణలో కొత్త విధానం – ప్రయోజనాలు, పరిమితులు

పాతబడిన ఉక్కు వంతెనను తొలగించి కొత్తది నిర్మించడం అధిక వ్యయంతో కూడిన పని. అంతేగాక నెలల తరబడి రాకపోకలు స్తంభిస్తాయి. అందువల్ల ఉన్న కట్టడాన్నే ఫైబర్ మిశ్రమ పదార్థాలతో పటిష్ఠపరచే విధానం గత మూడు దశాబ్దాలుగా ఇంజనీర్ల దృష్టిని ఆకర్షిస్తున్నది. అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. ఏ లోపానికి ఇది తగిన చికిత్సో తెలిసి వినియోగించినప్పుడే పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

పదార్థం స్వభావం

తల వెంట్రుక కంటే సన్నని కార్బన్ లేదా గాజు నారలను ఎపాక్సీ రెసిన్‌లో పొదిగి పట్టీలుగానో, వస్త్రంగానో తయారు చేస్తారు. కార్బన్ పట్టీ అదే పరిమాణం గల ఉక్కులో సుమారు ఐదో వంతు బరువు మాత్రమే ఉంటుంది. నారల దిశలో లాగుడును తట్టుకునే శక్తి సాధారణ నిర్మాణ ఉక్కు కంటే అనేక రెట్లు అధికం. తుప్పు పట్టదు. భారీ క్రేన్లు లేకుండానే అమర్చవచ్చు.

అయితే సాధారణ రకం కార్బన్ పట్టీ బిగువు ఉక్కు కంటే కొంత తక్కువే. కాబట్టి పలుచని పట్టీ అతికించినంత మాత్రాన వంతెన ఊగడం పెద్దగా తగ్గదు. ఆ ఊగుడు వల్ల లోహంలో కలిగే పగుళ్లను అదుపు చేయడమే దీని అసలు ప్రయోజనం.

మ్యూన్‌కెన్‌స్టైన్ అనుభవం

రైలు వెళ్లిన ప్రతిసారీ దూలంపై ఒత్తిడి పెరిగి తగ్గుతుంది. లక్షలాది పర్యాయాలు ఇలా జరిగినప్పుడు రివెట్ రంధ్రాల అంచున సన్నని పగులు మొదలై క్రమంగా విస్తరిస్తుంది. దీనినే లోహపు అలసట అంటారు.

స్విట్జర్లాండ్‌లోని మ్యూన్‌కెన్‌స్టైన్ వద్ద గుస్తావ్ ఐఫెల్ సంస్థ నిర్మించిన రైలు వంతెన 1891 జూన్ 14న కూలి 70 మందికి పైగా మరణించారు. ఆ ప్రమాదంపై పరిశోధించిన వారిలో లుడ్విగ్ టెట్‌మాయర్ ఒకరు. నొక్కుడుకు గురయ్యే కడ్డీలు వంగిపోవడంపై అప్పటి లెక్కలను ఆయన సవరించారు. ఆయన తొలి అధిపతిగా ఉన్న ప్రయోగశాలే నేటి 'ఎంపా' పరిశోధన సంస్థకు మూలం. కూలిన వంతెన స్థానంలో నిర్మించిన ఇనుప వంతెన అడ్డదూలాలను శతాబ్దం దాటిన తరువాత, 2010 దశకంలో, ఎంపా పరిశోధకులే కార్బన్ పట్టీలతో బలపరచడం విశేషం.

రివెట్ల తలలు అడ్డు రావడంతో అక్కడ జిగురు వాడలేదు. ముందుగా లాగి బిగించిన పట్టీలను క్లాంపులతో దూలానికి పట్టించారు. ఈ బిగింపు దూలం అడుగు భాగంలో నొక్కుడు కలిగించి, పగులు తెరుచుకునే అవకాశాన్ని తగ్గిస్తుంది.

భూకంపాల వేళ

1994 జనవరి 17న అమెరికాలోని నార్త్‌రిడ్జ్‌లో, సరిగ్గా ఏడాదికి జపాన్‌లోని కోబేలో సంభవించిన భూకంపాలు ఉక్కు కట్టడాలు సురక్షితమన్న నమ్మకాన్ని సడలించాయి. అనేక భవనాల్లో దూలం, స్తంభం కలిసే చోట వెల్డింగ్ పగిలింది. కోబేలో బోలు ఉక్కు స్తంభాలు కొన్ని పాదం వద్ద ఏనుగు కాలి వలె వెలుపలికి ఉబ్బాయి.

ఈ రెండు లోపాలకూ చికిత్స ఒకటి కాదు. స్తంభం చుట్టూ ఫైబర్ వస్త్రం చుడితే వెలుపలి ఉబ్బును ఆలస్యం చేయవచ్చునని ప్రయోగశాల పరీక్షల్లో వెల్లడైంది. పగిలిన వెల్డింగ్‌కు మాత్రం వస్త్రం చుట్టడం ప్రత్యామ్నాయం కాదు. అతుకునే సరిదిద్దాలి.

మన ప్రాంతంలో గమనించవలసినవి

గోదావరి పరీవాహకానికి భూకంపాలు కొత్త కావు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో ప్రకంపనలు సంభవించాయి.

మన వేసవి మరొక పరీక్ష. సాధారణ ఉష్ణోగ్రత వద్ద గట్టిపడే ఎపాక్సీ జిగుళ్లలో అనేకం 50 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడతాయి. ఎండలో ఉన్న ఉక్కు ఉపరితలం గాలి కంటే ఎక్కువగా వేడెక్కుతుంది కనుక, చల్లని దేశాల్లో సరిపోయిన జిగురును ఇక్కడ యథాతథంగా వాడరాదు. మంటలు చెలరేగినప్పుడు జిగురు పట్టు పూర్తిగా సడలుతుంది.

కార్బన్ నేరుగా ఉక్కును తాకి, తేమ చేరితే ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. నడుమ గాజు నారల పొర ఉంచడం ఇందుకు నివారణ. జిగురు పూయడానికి ముందు తుప్పు, రంగు, జిడ్డు పూర్తిగా తొలగించాలి. పట్టీ ముందుగా ఊడేది సాధారణంగా దాని చివర వద్దనే కావున తనిఖీలో ఆ చోటును తప్పక పరిశీలించాలి.

అంచనాలు ఆమోదించే అధికారులు, వార్తలు రాసే పాత్రికేయులు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. సరిదిద్దదలచిన లోపం ఏది? జిగురు ఎంత వేడిని తట్టుకుంటుంది? ఉక్కుకు, కార్బన్‌కు మధ్య రక్షణ పొర ఉన్నదా? తదుపరి తనిఖీ ఎవరు, ఎప్పుడు చేస్తారు? వీటికి లిఖితపూర్వక సమాధానం ఉన్న పనికే ఈ విధానం మేలు చేయగలదు.