రాతి మీద పేర్లు, రిక్రూట్‌మెంట్‌లో నిషేధం: కోరేగావ్ చెప్పే పాఠం

అమరవీరులకు జోహార్లు అనడం తేలిక. ఆగస్టు 15న, జనవరి 26న ప్రతి బడిలోనూ పిల్లల చేత అనిపిస్తాం. ఆ అమరుల్లో ఎవరెవరున్నారు, బతికున్నప్పుడు ఊరు వాళ్లని ఎక్కడ నిలబెట్టింది, వాళ్ల పిల్లలకు దక్కిందేమిటి అని మాత్రం ఏ సభలోనూ అడగరు. అడిగితే, సైన్యంలోకి కులాన్ని లాక్కొస్తున్నారంటారు. కులాన్ని సైన్యంలోకి తెచ్చింది మనం కాదు. తెచ్చింది ఎవరో, ఎట్లా తెచ్చారో కోరేగావ్ చరిత్ర చెబుతుంది.

రాయి పలికే సాక్ష్యం

పూణే దగ్గర భీమా నది ఒడ్డున ఉంది కోరేగావ్. 1818 జనవరి 1న అక్కడ ఈస్టిండియా కంపెనీ దళానికీ పీష్వా రెండో బాజీరావు సైన్యానికీ యుద్ధం జరిగింది. కెప్టెన్ స్టాంటన్ కింద ఉన్నది సుమారు 800 మంది. వాళ్లలో 500 మంది దాకా బొంబాయి పదాతి సిపాయిలు. ఆ సిపాయిల్లో మహర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పీష్వా వెంట 28,000 మంది ఉన్నారని చెబుతారు గానీ ఊళ్లోకి దిగి పోరాడింది వాళ్లలో కొద్దిభాగమే. రోజంతా పోరాడాక పీష్వా సైన్యం వెనక్కి మళ్లింది.

500 మంది మహర్లే 28 వేల మందిని ఓడించారని మన సభల్లో చెప్పుకుంటాం. లెక్క అంత సూటిగా లేదు. కంపెనీ దళంలో మరాఠాలు, రాజపుత్రులు, ముస్లింలు కూడా ఉన్నారు. ఈ నిజం చెప్పినంత మాత్రాన మహర్ల ఘనత తగ్గదు. 1821లో పునాది వేసిన విజయస్తంభం మీద చనిపోయిన సిపాయిల పేర్లు చెక్కారు. పరిశోధకుల లెక్క ప్రకారం ఆ 49 పేర్లలో 22 పేర్లు ‘నాక్’ అనే మాటతో ముగుస్తాయి. అది అప్పట్లో మహర్ల పేర్ల చివర ఉండే మాట. ఊళ్లో కేకేసి పిలవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావనుకున్న పేర్లు మరాఠా, రాజపుత్ర పేర్ల సరసన ఒకే రాతి మీదికి ఎక్కాయి.

మూసిన తలుపు

అయితే కంపెనీ ఆ స్తంభాన్ని మహర్ల మీద ప్రేమతో కట్టలేదు, తన గెలుపు కోసం కట్టుకుంది. ఆ సంగతి 1890ల మొదట్లో తేలిపోయింది. కొన్ని కులాలే ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్ సర్కారు మహర్ల రిక్రూట్‌మెంట్ ఆపేసింది. అంటరాని సుబేదారు ఆర్డరిస్తే అగ్రకుల సిపాయి వినడనేది దాని వెనకున్న ఒక భయం. సిపాయికి ధైర్యం ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. కులం చూశారు.

దీనివల్ల పోయింది ఒక్క ఉద్యోగమే కాదు. సైన్యం అంటే జీతం, పెన్షన్, అన్నిటికీ మించి పిల్లలకు చదువు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఊరి బడి గడప తొక్కనివ్వని కాలంలో మహర్లకు అక్షరం దొరికిన చోటు కంటోన్మెంటే. అందుకే మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో, శివరామ్ జాన్బా కాంబ్లే 1910లో సర్కారుకి అర్జీలు రాశారు. మొదటి ప్రపంచయుద్ధంలో అవసరం పడి 1917లో మహర్ పటాలం పెట్టారు, అవసరం తీరాక 1921లో ఎత్తేశారు. మళ్లీ యుద్ధం వచ్చాక, 1941లో గానీ మహర్ రెజిమెంట్ ఏర్పడలేదు. అంటే చావు అవసరమైనప్పుడు తలుపు తెరిచారు, అవసరం తీరగానే మూశారు.

ద్రోహులెవరు?

1927 జనవరి 1న అంబేడ్కర్ ఆ స్తంభం దగ్గర సభ పెట్టారు. మూడు నెలలు తిరక్కముందే, మార్చి 20న, మహద్ చెరువు నీళ్లు తాగారు. ఈ రెంటినీ కలిపి చూడాలి. యుద్ధంలో చచ్చే హక్కు ఉన్నవాడికి నీళ్లు తాగే హక్కు ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న.

పరాయివాళ్ల తరఫున పోరాడినవాళ్లకు గౌరవమేమిటని కొందరంటారు. కంపెనీ కొలువు అన్ని కులాలవాళ్లూ చేశారు. పీష్వా సైన్యంలోనూ జీతానికొచ్చిన అరబ్బులున్నారు. దేశభక్తి రుజువు మాత్రం మహర్లనే అడుగుతారెందుకు? పీష్వాల రాజ్యంలో అంటరానివాడు మెడలో ముంత, నడుముకి చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చేదని అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’లో రాశారు. అలాంటి రాజ్యాన్ని స్వరాజ్యం అనుకోమని ఆ సిపాయికి ఏ ముఖంతో చెబుతాం?

ఇది పాత కథ అనుకోవద్దు. 2016 జూన్‌లో కశ్మీర్‌లోని పాంపోర్ దగ్గర జరిగిన దాడిలో చనిపోయిన సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లలో ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ జిల్లాకు చెందిన నట్ కులస్తుడు ఒకరు. ఊరి ఉమ్మడి భూమిలో ఆయన దహనానికి అగ్రకులాల వాళ్లు అడ్డుచెప్పారు. అధికారులు కల్పించుకున్నాకే కాస్త జాగా ఇచ్చారు. శవపేటిక మీద జాతీయ జెండా కప్పినా ఊరు కులమే చూసింది. 2018లో, కోరేగావ్ యుద్ధానికి 200 ఏళ్లు నిండిన రోజున, అక్కడికి వచ్చిన జనం మీద రాళ్లు పడ్డాయి. ఆ హింసలో ఒకరు చనిపోయారు.

గౌరవం అంటే దండ వేసి దణ్ణం పెట్టడంతో అయిపోదని మేము అంటున్నాం. చనిపోయినవాడి పేరు రాయాలి, శ్మశానంలో చోటివ్వాలి, ఇంటికి రావాల్సిన పెన్షన్ రావాలి, పిల్లలకు చదువు అందాలి. మన పేటల్లో మిలిటరీ చేసినవాళ్ల డిశ్చార్జి కాగితాలు ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. విద్యార్థులు, టీచర్లు ఇంటింటికీ వెళ్లి వాటిని చూడాలి. పేర్లు, సంవత్సరాలు రాసుకోవాలి, ముసలివాళ్ల మాటలు రికార్డు చెయ్యాలి. కోరేగావ్‌లో ఆ 22 పేర్లు రాతి మీద లేకపోయి ఉంటే మహర్లు ఈ లెక్క అడగగలిగేవాళ్లే కాదు.