ఆదరువు లేని వృద్ధులు – సముదాయం తీర్చవలసిన ఋణం

వృద్ధాశ్రమం అనే మాట వినగానే మన సముదాయంలో చాలామంది ముఖం ముడుచుకుంటారు. అది మన సంప్రదాయం కాదనీ, కన్నవారిని ఇంటినుండి పంపివేసే అలవాటుకు అది తలుపు తెరుస్తుందనీ అంటారు. ఆ మాటలో సత్యముంది. దివ్యఖురాన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరాలో, అల్లాహ్‌ను మాత్రమే ఆరాధించాలన్న ఆజ్ఞ వెనువెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తన ఆజ్ఞ వచ్చింది. వారు వార్ధక్యానికి చేరినప్పుడు విసుగుతో చిన్నమాట కూడా అనరాదని అక్కడ నిషేధం ఉంది. బిడ్డలున్న తండ్రికి బిడ్డల ఇల్లే నివాసం. ఈ విషయంలో రెండో అభిప్రాయానికి తావు లేదు.

అయితే ఈ సత్యాన్ని పలికి ఊరుకోవడం వల్ల ఒక ప్రశ్న సమాధానం లేకుండా మిగిలిపోతోంది. బిడ్డలే లేనివారి సంగతి ఏమిటి? భార్య మరణించి, తోబుట్టువులు గతించి, సొంతమని చెప్పుకునేందుకు గోడ కూడా లేని వృద్ధుని సంగతి ఏమిటి? అతణ్ణి చేరదీసిన నిలయానికి సహాయం అడిగితే, ‘ఆశ్రమాలు మన పద్ధతి కాదు’ అన్న మాటను అడ్డుగా నిలుపుతున్నాము. ధర్మం కోసం పుట్టిన మాట ఆ విధంగా బాధ్యతను తప్పించుకునే సాకుగా మారుతోంది.

కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో, మస్జిదుకు రెండు వీధుల అవతల, అద్దె ఇంట్లో అటువంటి నిలయం ఒకటి నడుస్తోంది. పద్నాలుగు పడకలు, ఒక వంటమనిషి, పగలొకరు రాత్రొకరు సహాయకులు, లెక్కలు చూసే ఇద్దరు పెద్దమనుషులు – అంతే దాని పరివారం. గురువారం నాడు మేము అక్కడికి వెళ్లి కొంతసేపు ధర్మబోధ చేస్తుంటాము. రిక్షా లాగి మోకాళ్లు అరిగిపోయినవారు, చూపు తగ్గి సూదిలో దారం ఎక్కించలేని దర్జీ, గొంతు పోయిన మౌజన్, గల్ఫు సంపాదనంతా చెల్లెళ్ల పెళ్లిళ్లకు ఖర్చుచేసి తాను పెళ్లి చేసుకోకుండానే వృద్ధుడైన మేస్త్రీ అక్కడ ఉన్నారు. వీరిలో ఎవరూ సోమరులు కారు. మన ఇళ్లు కట్టినవారు, మన బట్టలు కుట్టినవారు, మనల్ని ఫజ్ర్ నమాజుకు మేల్కొల్పినవారు.

వృద్ధ స్త్రీల దుఃఖం తక్కువది కాదు. పెక్కు విషయాల్లో అది ఎక్కువే. అయినా వృద్ధ పురుషుని ఒంటరితనానికి ఒక ప్రత్యేకత ఉంది. వృద్ధురాలిని పిల్లలను ఆడించేందుకో, వంటకు చేయందించేందుకో బంధువుల ఇంట ఎంతోకొంత నిలుపుకుంటారు. సంపాదన ఆగిపోయిన పురుషునికి ఆ ఇంట పని కనిపించదు. ఆడపిల్లలున్న ఇరుకింట్లో దూరపు బంధువైన మగవానికి చోటివ్వడం పర్దా దృష్ట్యా కూడా కష్టమవుతుంది. దీనికి తోడు జీవితమంతా ఇచ్చిన చేయి అడగడానికి ముందుకు రాదు. ఆకలిని దాచుకుంటాడు, జబ్బును దాచుకుంటాడు. మస్జిదు వరండాలోనో, బస్టాండు బల్లమీదనో పడిపోయిన తరువాత గానీ అతని సంగతి లోకానికి తెలియదు.

ఇటువంటివారి పట్ల మన పూర్వికుల వైఖరి ఎట్టిదో చరిత్ర చెబుతోంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) చూపు పోయిన తన తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (సఅసం) సన్నిధికి తీసుకువచ్చారు. ఆ నెరసిన తలను చూసి ప్రవక్త (సఅసం), పెద్దాయనను ఇంట్లోనే ఉంచి ఉంటే తామే అక్కడికి వెళ్లేవారమని అన్నారు. విజేతగా నగరంలో ప్రవేశించిన రోజున, అప్పటికి ఇస్లాం స్వీకరించని ఒక వృద్ధుని గురించి పలికిన మాట అది. పెద్దల గౌరవాన్ని ఎరుగనివారు మనలోనివారు కారన్న హెచ్చరిక కూడా ఆయన ఉపదేశాల్లో ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనా కాలపు సంఘటన ఒకదానిని ఇమామ్ అబూ యూసుఫ్ తమ ‘కితాబుల్ ఖరాజ్’లో నమోదు చేశారు. ఒక ఇంటి వాకిట యాచిస్తున్న అంధ వృద్ధుణ్ణి ఖలీఫా చూశారు. ఆయన యూదుడు. వయసు, అవసరం, చెల్లించవలసిన పన్ను తనను ఈ స్థితికి తెచ్చాయని ఆయన చెప్పుకున్నాడు. ఉమర్ (రజి) ఆయనను చేయిపట్టి తమ ఇంటికి తీసుకువెళ్లి ఉన్నది ఇచ్చారు. పిదప బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, వయసులో ఉన్నప్పుడు ఒకని నుండి లాభం పొంది ముసలితనంలో అతణ్ణి వదిలివేయడం న్యాయం కాదని చెప్పి, ఆయనకూ ఆయన వంటివారికీ పన్ను తొలగించి సహాయం ఏర్పాటు చేయించారు. ఇక్కడ ఖలీఫా కరుణ గురించి గాక న్యాయం గురించి మాట్లాడారు. కరుణ మన ఇష్టం మీద ఆధారపడుతుంది. న్యాయమో, తీర్చవలసిన ఋణం.

ఈ భావమే తరువాతి శతాబ్దాల్లో వక్ఫు సంస్థలను నిలబెట్టింది. 1284లో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన వైద్యశాల వక్ఫు రాబడితో నడిచింది. 1896లో ఇస్తాంబుల్ నగరంలో ప్రారంభమైన ‘దారుల్ అజజా’ – అశక్తుల నిలయం – నేటికీ వృద్ధులకు ఆశ్రయమిస్తోంది. అందులో నివసించేవారి కోసం ఒకే ఆవరణలో మస్జిదు, చర్చి, యూదుల ప్రార్థనా మందిరం మూడూ నిర్మించారు. కనుక దిక్కులేని వృద్ధునికి సమాజం నీడ కల్పించడం మనకు కొత్త పద్ధతి కాదు. మరచిపోయిన పద్ధతి.

ధర్మశాస్త్ర పరిభాషలో ‘ఫర్జె కిఫాయా’ అనే మాట పాఠకులకు తెలిసినదే. జనాజా నమాజును కొందరు నెరవేరిస్తే ఊరందరి బాధ్యత తీరుతుంది; ఎవరూ నెరవేర్చకపోతే ఊరంతా దోషి అవుతుంది. ప్రాణం పోయిన తరువాత స్నానం చేయించి, కఫన్ తొడిగి, భుజాన మోయడం మహల్లా మొత్తంపై ఉన్న విధి. నా అన్నవారు లేని మనిషిని ఆకలికీ రోగానికీ వదిలివేయకుండా కాపాడటం కూడా అదే కోవకు చెందుతుందని మన ధర్మవేత్తలు బోధించారు. జనాజాకు వందమంది వచ్చి, అంతకు ముందు ఆరు నెలలు మంచాన ఉన్నప్పుడు ఒక్కరూ రాకపోవడం ఏ విధంగా సమర్థనీయం?

ఇక నిలయం రోజువారీ స్థితిని గమనిద్దాము. రమజాన్ మాసంలో అక్కడ పళ్లబుట్టలు పేరుకుపోతాయి. ఒకేనాడు మూడు ఇళ్ల నుండి బిర్యానీ వస్తుంది; మధుమేహం ఉన్న వృద్ధుని ముందు ఖీర్ గిన్నెలు నాలుగు ఉంటాయి. షవ్వాల్ నెలవంక కనిపించిన తరువాత దాతల రాక సన్నగిల్లుతుంది. సఫర్ మాసం నాటికి కిరాణా కొట్టులో అప్పు మొదలవుతుంది. దుప్పట్లు కావలసినన్ని ఉంటాయి, ఇంటి అద్దె ఉండదు. విందులు పెట్టేవారు దొరుకుతారు. కరెంటు బిల్లు కట్టేవారు, రాత్రి సహాయకుని జీతం ఇచ్చేవారు, మంచం దిగలేని వారికి డైపర్లు కొనేవారు దొరకరు. గత శీతాకాలంలో నిర్వాహకులు ఇద్దరు వృద్ధులను చోటు లేదని చెప్పి పంపివేయవలసి వచ్చింది. ఇంట్లో మరో గది ఖాళీగానే ఉంది. ఆ గదికి అదనపు అద్దె, ఇంకొక సహాయకుని జీతం నెలనెలా వస్తాయన్న నమ్మకమే వారికి లేకపోయింది.

అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైన ఆచరణ, కొద్దిదైనా ఎడతెగక సాగేదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుసు. ఈ బోధనను నిలయపు లెక్కల పుస్తకం పక్కన పెట్టి చూడండి. పద్నాలుగు మందికి రోజుకు ఇంచుమించు 5 కిలోల బియ్యం కావాలి. అంటే నెలకు 150 కిలోలు, 25 కిలోల బస్తాలు ఆరు. మన మదరసాలకు పూర్వం ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టే ఆచారం ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసేది. పిడికెడు 50 గ్రాములనుకుంటే నెలకు కిలోన్నర అవుతుంది. నూరు ఇళ్లు ఈ ఆచారాన్ని తిరిగి చేపడితే ఆ నిలయం బియ్యం కోసం ఎవరినీ అడగనక్కరలేదు. ఏ ఇంటికీ ఆ పిడికెడు లోటుగా తెలియదు. అదే విధంగా ఒక కుటుంబం కరెంటు బిల్లును, నలుగురు మిత్రులు కలిసి ఒక సహాయకుని జీతాన్ని, ఒక దుకాణదారుడు సబ్బులూ నూనెలూ తమ బాధ్యతగా తీసుకోవచ్చు.

దానాల నియమాలను కూడా ఇక్కడ గుర్తుచేయడం అవసరం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన నిరుపేద ముస్లిం చేతికి, అతని సొత్తుగా చేరాలి. నిసాబ్‌కు – అనగా సుమారు 612 గ్రాముల వెండి విలువకు – సరిపడే అదనపు సంపద లేని వృద్ధుడు దానికి అర్హుడు. సయ్యద్ వంశీయులకు జకాత్ ఇవ్వరాదు. వారిని కానుకలతో ఆదుకోవాలి. భవన నిర్మాణానికి, అద్దెకు, ఉద్యోగుల జీతాలకు జకాత్‌ను నేరుగా వాడరాదు. వాటికి లిల్లాహ్ సొమ్ము, ఐచ్ఛిక సదఖా కావాలి. కనుక ఇచ్చేటప్పుడే ఏ సొమ్మో స్పష్టంగా చెప్పాలి. నిర్వాహకులు రెండు వేర్వేరు ఖాతాలు నడపాలి. సందేహముంటే స్థానిక ముఫ్తీని సంప్రదించాలి. ఇక ఉపవాసం ఉండలేని పెద్దలు చెల్లించే ఫిద్యాను, పండుగ నమాజుకు ముందిచ్చే ఫిత్రాను, ఖుర్బానీ మాంసంలో పేదల భాగాన్ని అర్హులైన ఈ వృద్ధులకు చేర్చవచ్చు. నిలయంలో ముస్లిమేతర వృద్ధుడుంటే అతనికి ఐచ్ఛిక సదఖా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. హజ్రత్ ఉమర్ (రజి) వాకిట వృద్ధుని మతాన్ని బట్టి చేయి వెనక్కు తీసుకోలేదు.

ధనం లేనివారి వద్ద సమయం ఉంటుంది. చదువుకున్న యువకులు చేయగల పని ఎంతో ఉంది. వృద్ధాప్య పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా కింద 2,016 రూపాయలుగా నిర్ణయమై ఉంది. కానీ పనిచేసి అరిగిన వేళ్ల ముద్రలు యంత్రానికి అందవు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉంటుంది. రేషన్ కార్డు ఎక్కడో విడిచి వచ్చిన ఊరిలో ఉంటుంది. ఒక యువకుడు రెండు రోజులు కార్యాలయం చుట్టూ తిరిగితే ఒక వృద్ధునికి నెలనెలా సొంత డబ్బు చేతికి వస్తుంది. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ భారత్ విస్తరణను కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. దాని కార్డు చేయించడమూ సేవయే. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత సహాయ ఫోను కూడా ఉంది.

బిడ్డలుండి కూడా నిలయానికి చేరినవారి విషయంలో మొదటి ప్రయత్నం సంధి కావాలి. ఇమాము, మహల్లా పెద్దలు కలిసి ఆ కుమారుని ఇంటికి వెళ్లాలి. తండ్రి పోషణకు జకాత్ సొమ్ము చెల్లదనీ, అది కుమారునిపై సొంత సంపాదన నుండి ఉన్న విధి అనీ తెలియజెప్పాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా ఈ బాధ్యతను బిడ్డలపై మోపింది. సంతానం లేని వృద్ధుని ఆస్తికి వారసులు కాగల బంధువులపైనా మోపింది. వృద్ధులను ఉద్దేశపూర్వకంగా వదిలివేసినవారికి మూడు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చునని చెబుతోంది. అయితే తండ్రి కొడుకుల మధ్య చట్టం చివరి మార్గం కావాలి. ముందు హృదయాలను తట్టాలి.

ఇచ్చేవారు మర్యాద పాటించాలి. అన్నం పళ్లెం పట్టుకున్న వృద్ధుని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, దాన్ని వాట్సాప్‌లో పంచడం ఆయన మిగుల్చుకున్న ఒక్క ఆస్తిని – ఆత్మగౌరవాన్ని – లాక్కోవడమే. ఎత్తిపొడుపు, బాధపెట్టడం దానాన్ని వ్యర్థం చేస్తాయని బఖరా సూరా హెచ్చరిస్తోంది. నిర్వాహకులు కూడా తమ వంతుగా నెలనెలా జమాఖర్చులను మస్జిదు గోడపై అంటించాలి. లెక్క తెరిచి ఉన్నచోట నమ్మకం నిలుస్తుంది. నమ్మకం ఉన్నచోట చిన్న దాత కూడా మానక ఇస్తాడు.

చివరగా కుటుంబాలకు ఒక మనవి. నెలకొకసారి పిల్లలను వెంటబెట్టుకుని అటువంటి నిలయానికి వెళ్లండి. దాతలుగా గాక చుట్టాలుగా వెళ్లండి. పిల్లలచేత ‘దాదా’ అనో, ‘తాతయ్యా’ అనో పిలిపించండి. అక్కడి పెద్దలు భోజనం కన్నా ఎక్కువగా ఎదురుచూసేది ఆ పిలుపు కోసమే. అక్కడినుండి తిరిగివచ్చిన పిల్లవాడు తన ఇంట్లోని నానమ్మ తాతయ్యలను వేరే కళ్లతో చూస్తాడు. ఆశ్రమాల సంఖ్య పెరగకుండా ఉండేందుకు ఇంతకన్నా మంచి ఉపాయం మాకు తెలియదు.

నేడు మన చేతిలో బలముంది, రేపటి సంగతి అల్లాహ్ ఎరుగును. వృద్ధులకు నీడనిచ్చే ఇళ్లను నిలబెట్టే భాగ్యాన్ని, మన ఇళ్లలోని వృద్ధులను సంతోషపెట్టే బుద్ధిని ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.