ఇగ్వానాను ఇంటికి తెచ్చే ముందు: అపోహలు – వాస్తవాలు

పెట్ షాపు అద్దాల పెట్టెలో కనిపించే ఇగ్వానా (బల్లి జాతి సరీసృపం) పిల్ల తోకతో కలిపి జానెడుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ చిలకపచ్చ రంగు, రెప్పలార్చి చూసే కళ్లు, చేతి మీదికి ఎక్కించుకుంటే కదలకుండా కూర్చునే తీరు చూసి ఎనిమిదో తొమ్మిదో తరగతి పిల్లలు ఇట్టే మనసు పారేసుకుంటారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే పోరు. “అన్నీ నేనే చూసుకుంటా నాన్నా, ప్రామిస్” అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్లు నిజాయతీగానే అంటారు. పరీక్షల్లో మంచి మార్కులొస్తే కొనిస్తామని పెద్దవాళ్లు ఒప్పేసుకుంటారు.

అయితే ఆ ఇగ్వానా పిల్ల సరైన సంరక్షణలో 15 నుంచి 20 ఏళ్లు బతికే ప్రాణి. తొమ్మిదో తరగతిలో కొన్న జీవి, ఆ అబ్బాయి ఉద్యోగంలో చేరి పెళ్లి చేసుకునే నాటికి కూడా ఇంట్లోనే ఉంటుంది. టీనేజర్ అంత కాలపు బాధ్యతకు సిద్ధమా కాదా అన్నది తేల్చుకోవాలంటే ముందు ఇగ్వానా చుట్టూ అల్లుకున్న అపోహలు తొలగాలి.

అపోహ: చిన్న పెట్టెలో ఉంచితే చిన్నగానే ఉండిపోతుంది.

వాస్తవం: పెట్టె కొలత చూసి ఏ జంతువూ ఎదుగుదల ఆపుకోదు. గ్రీన్ ఇగ్వానా సొంత ఊరు మధ్య, దక్షిణ అమెరికా అడవులు. అక్కడ అది చెట్ల కొమ్మల మీదే బతుకుతుంది. తిండి, వేడి, వెలుతురు సరిగ్గా అందితే తోకతో కలిపి 5 నుంచి 6 అడుగుల దాకా పెరుగుతుంది. ఇరుకు పెట్టెలో గిడసబారిందంటే ఆ మూడింటిలో ఏదో లోటు జరిగినట్టే. పెద్ద ఇగ్వానాకు కనీసం 6 అడుగుల ఎత్తు, 6 అడుగుల పొడవు, 3 అడుగుల లోతున్న ఎన్‌క్లోజర్ కావాలి. అంటే దాదాపు నాలుగు బీరువాలు పట్టే చోటు. అది ఏ గదిలో, ఏ గోడకు వస్తుందో పిల్లను కొనకముందే తేల్చుకోవాలి.

అపోహ: మన దగ్గర ఎండలకేం కొదవ? బల్బులు, హీటర్లు దండగ.

వాస్తవం: ఎన్నో ఇగ్వానాల ప్రాణం తీసేది ఈ నమ్మకమే. సరీసృపాలు మనలా ఒంటి వేడిని లోపలే పుట్టించుకోలేవు. తిన్న ఆకు అరగాలన్నా వాటికి బయటి వేడే దిక్కు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 డిగ్రీల సెల్సియస్‌కు పైన, రెండో కొసన 27 డిగ్రీల దగ్గర వేడి ఉంటే, అది అవసరాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. రాత్రి 24 డిగ్రీలకు తగ్గకూడదు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రుల్లో పాదరసం 15 డిగ్రీల దిగువకు పడిపోతుంటుంది. వేసవిలో 40 దాటుతుంది, గాలిలో తేమ పడిపోతుంది. వానల అడవి నుంచి వచ్చిన ఇగ్వానాకు ఆ తేమ 70 శాతం దాకా కావాలి. అందుకే థర్మోస్టాట్, తేమ కొలిచే మీటరు లేకుండా దాన్ని పెంచడం కుదరదు.

వెలుతురు సంగతి మరీ ముఖ్యం. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం చర్మం మీద పడితేనే దాని ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేనిదే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి కిటికీ పక్కన ఉంచితే వెలుగు వస్తుందే తప్ప ప్రయోజనం ఉండదు. పోనీ అని అద్దాల పెట్టెను బాల్కనీ ఎండలో పెడితే కాసేపట్లోనే లోపలి వేడికి ఇగ్వానా చచ్చిపోవచ్చు. యూవీబీ బల్బుకూ గడువుంది. 6 నుంచి 12 నెలల్లో దాని యూవీబీ తగ్గిపోతుంది, బల్బు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతూ ఉంటుంది. కంటికి తేడా తెలియదు కనుక బిగించిన తేదీని రాసిపెట్టుకుని మార్చాల్సిందే.

ఇవేవీ పట్టించుకోకపోతే వచ్చే జబ్బు మెటబాలిక్ బోన్ డిసీజ్. రక్తంలో చాలని కాల్షియంను శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. కింది దవడ నొక్కితే రబ్బరులా వంగుతుంది. కాలి వేళ్లు వణుకుతాయి. వెనక తొడలు ఉబ్బుతాయి. అది చూసి “బాగా ఒళ్లు చేసింది” అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. నిజానికి లోపల ఎముక గుల్లబారి, దాని చుట్టూ నారలాంటి కణజాలం పేరుకుని అలా కనిపిస్తుంది. ఎముక విరిగాకో, వెన్ను వంగాకో డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. సరీసృపాలకు వైద్యం తెలిసిన పశువైద్యులు పెద్ద నగరాల్లోనే తక్కువ, చిన్న ఊళ్లలో మరీ అరుదు.

అపోహ: ఆకులు తినేదే కదా, ఇంట్లో మిగిలిన కూరలు చాలు.

వాస్తవం: ఇగ్వానా పూర్తి శాకాహారి. అయినా ఏ ఆకు పడితే ఆ ఆకు పనికిరాదు. దాని తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌కు దాదాపు రెట్టింపు ఉండాలి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు, కాబట్టి రోజూ అదే పెడితే నష్టం. మునగాకు, మందార ఆకులు, పూలు, గుమ్మడి తురుము లాంటివి మార్చి మార్చి, ప్రతి ఉదయం సన్నగా తరిగి పెట్టాలి. పురుగుమందు చల్లిన ఆకు అసలే కూడదు. బలానికని గుడ్డు, పురుగులు, కుక్కల తిండి పెడితే ఆ ప్రొటీన్ కొన్నేళ్లలో కిడ్నీలను దెబ్బతీస్తుంది.

అపోహ: చిన్నప్పటి నుంచి పెంచితే కుక్కపిల్లలా మచ్చికవుతుంది.

వాస్తవం: ఓపికగా రోజూ దగ్గరికి తీస్తే మనిషి ఉనికికి అలవాటు పడుతుంది. అంతకు మించి ఆశించకూడదు. రెండు మూడేళ్లకు ఈడుకొచ్చిన మగ ఇగ్వానా జత కట్టే కాలంలో సాకినవాళ్ల మీదికే రావచ్చు. దాని పళ్లు పదునైన రంపపు పళ్లలా చర్మాన్ని కోస్తాయి, తోక దెబ్బకు వాతలు తేలతాయి. ఆడదైతే మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. తవ్వి పెట్టుకునే చోటు దొరకక గుడ్లు లోపలే అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. తొమ్మిదో తరగతిలో కొన్నవాళ్లకు సరిగ్గా ఇంటర్, ఎప్‌సెట్ హడావిడిలో ఈ దశ ఎదురవుతుంది.

అపోహ: విషం లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ప్రమాదం లేదు.

వాస్తవం: పైకి ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల పేగుల్లోనూ సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. బుల్లి తాబేళ్ల నుంచి పిల్లలకు ఈ బ్యాక్టీరియా సోకుతోందనే అమెరికా 1975లో 4 అంగుళాల కన్నా చిన్న డొప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో సరీసృపాలు వద్దని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. బామ్మ, తాతయ్య కలిసి ఉండే ఇళ్లు ఈ సలహాను తేలిగ్గా తీసుకోకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు.

అపోహ: షాపులో అమ్ముతున్నారంటే చట్టం ఒప్పుకున్నట్టే.

వాస్తవం: గ్రీన్ ఇగ్వానా, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి జీవులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం వాటిని పెంచేవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, చేతులు మారినా చనిపోయినా తెలపాలి. మన నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ సంగతి వేరు. అవి ఒకటో షెడ్యూల్ జీవులు. అదృష్టం కలిసొస్తుందని నక్షత్ర తాబేలును ఇంట్లో దాచుకోవడం కనీసం మూడేళ్ల జైలు శిక్ష పడే నేరం.

అపోహ: వీలుకాకపోతే చెరువు గట్టునో అడవిలోనో వదిలేస్తే బతుకుతుంది.

వాస్తవం: బతకకపోతే ఆ జీవికి నరకం. బతికితే ఆ ప్రాంతానికి చేటు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇగ్వానాలు 1960ల్లో తొలిసారి కనిపించాయి. తప్పించుకున్నవి, వదిలేసినవి పెరిగి పెరిగి కాలువ గట్లను తొలిచేస్తున్నాయి, తోటలు మేస్తున్నాయి. 2020 జనవరిలో చలికి కొయ్యబారి చెట్ల మీంచి ఇగ్వానాలు రాలిపడొచ్చని మయామీ వాతావరణ కార్యాలయం జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. 2021లో ఆ రాష్ట్రం వాటిని కొత్తగా పెంచుకోవడాన్నే నిషేధించింది.

అపోహ: టీనేజర్లకు ఇంత బాధ్యత చేతకాదు.

వాస్తవం: ఇదీ అపోహే. ఇష్టపడ్డ విషయాన్ని లోతుగా చదివి, పెద్దలకన్నా శ్రద్ధగా చేసే పిల్లలు ఎందరో ఉన్నారు. చిన్నతనం నుంచే పాముల మీద మక్కువ పెంచుకున్న రోములస్ విటేకర్, 1976లో మహాబలిపురం దగ్గర మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌ను స్థాపించినవారిలో ఒకరయ్యారు. ఇలాంటి ఆసక్తిని గేలి చేసి అణచకూడదు, పరీక్షించి చూడాలి.

ఆ పరీక్ష తేలికే. జంతువును కొనకుండా మూడు నెలలు అన్ని పనులూ చేయించాలి. పొద్దున్నే ఆకులు కడిగి తరగడం, మీటరు చూసి ఉష్ణోగ్రత, తేమ పుస్తకంలో రాయడం, వారానికోసారి ఓ పెట్టెను పూర్తిగా కడగడం, దగ్గర్లో సరీసృపాల వైద్యుడెవరో కనుక్కుని ఫీజు తెలుసుకోవడం. అమ్మ గుర్తు చేయకుండా, యూనిట్ టెస్టుల వారంలో కూడా ఇదంతా సాగితే ఆ అమ్మాయో, అబ్బాయో సిద్ధంగా ఉన్నట్టే.

ఆ తర్వాత జవాబు చెప్పాల్సింది తల్లిదండ్రులు. పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీకో, హాస్టల్‌కో, విదేశానికో వెళ్లాక ప్రతి ఉదయం ఆకులు తరిగేది ఎవరు? కరెంటు పోయిన చలి రాత్రి దాన్ని వెచ్చగా ఉంచేది ఎవరు? ఇంట్లో ఒక్క పెద్ద మనిషైనా “నేను” అని మనస్ఫూర్తిగా అనలేకపోతే దయచేసి ఇగ్వానాను కొనకండి. ఆ డబ్బుతో పిల్లలను క్రొకడైల్ బ్యాంక్‌కో, జూపార్కుకో తీసుకెళ్లండి, మంచి పుస్తకాలు కొనివ్వండి.