మూసిన దారులు, తెగని బంధుత్వాలు

మన ఇళ్ళల్లో నికాహ్ జరిగినప్పుడు ఖాజీ సాహెబ్ ఖుత్బా చదివి, ఇరువైపులా ‘ఖుబూల్’ అనిపించిన మరుక్షణం పళ్ళేల్లో ఎండు ఖర్జూరాలు వస్తాయి. పిల్లలు వాటి కోసం ఎగబడతారు, పెద్దలు రెండు తీసి జేబులో వేసుకుంటారు. ఆ ఖర్జూరం ఏ దారిన వచ్చిందో మనం అడగం. కొన్నేళ్ళ క్రితం దాకా మన బజారులోని ఎండు ఖర్జూరంలో పెద్ద భాగం సింధ్‌లోని ఖైర్‌పూర్, సుక్కుర్ తోటల నుంచి అట్టారీ సరిహద్దు మీదుగా లారీల్లో వచ్చేది.

2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగిన తరువాత మన ప్రభుత్వం 1996లో పాకిస్తాన్‌కు ఇచ్చిన ‘అత్యంత అనుకూల దేశం’ హోదాను తీసివేసి, ఆ దేశపు సరుకుల మీద 200 శాతం సుంకం వేసింది. అదే ఏడాది ఆగస్టులో పాకిస్తాన్ మనతో వాణిజ్యాన్నే నిలిపివేసింది, రైళ్ళూ ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మంది అమాయకుల ప్రాణాలు తీసిన ఘాతుకం తరువాత అట్టారీ గేటు మూశారు. వీసాలు రద్దు చేశారు. మే 2న పాకిస్తాన్ సరుకు నేరుగానే కాదు, మరో దేశం చుట్టూ తిరిగి కూడా రాకూడదని ఉత్తర్వు వెలువడింది. ఉత్తరాలు, పార్సిళ్ళు సైతం మర్నాడే ఆగాయి.

ఖర్జూరం కోసం కన్నీళ్ళు పెట్టుకోమని ఈ వ్యాసం రాయడం లేదు. అరబ్బు దేశాల ఖర్జూరం దొరుకుతూనే ఉంది. ఖర్జూరం రాకపోతే నికాహ్ ఆగదు. మేము చెప్పదలచింది మనుషుల గురించి.

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. ఆమెకు తోడబుట్టిన ఒకే ఒక్క అక్క, మా కరాచీ ఖాలా, 1951లో పెళ్ళై అటు వెళ్ళిపోయింది. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానం నుంచి కరాచీ వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే ఉంది. బహదూర్ యార్ జంగ్ పేర బహదూరాబాద్ అని మరొకటి. ఆ కాలనీలో నేటికీ బఘారే బైంగన్ వండుతారని, మామిడి ఆవకాయ పెడతారని వెళ్ళివచ్చిన వాళ్ళు చెబుతారు. మా ఖాలా మాట్లాడే ఉర్దూలో చివరి దాకా ‘నక్కో’, ‘హౌ’ పోలేదు. అక్కడ పుట్టిన ఆమె మనవలు దానికి నవ్వేవారట.

ఆమె పుట్టింటికి వచ్చింది మూడంటే మూడు సార్లు. 1965 యుద్ధం, 1971 యుద్ధం దాటి, 1974 సెప్టెంబరులో వీసాలకూ ఉత్తరాలకూ ఒప్పందం కుదిరాక, 1978లో మొదటిసారి. అప్పటికి సంఝోతా ఎక్స్‌ప్రెస్ మొదలై రెండేళ్ళు. ఇరవై ఏడేళ్ళ తరువాత కన్నతల్లిని చూడడానికి వచ్చి, ఆమె సమాధిని చూసింది. రెండోసారి 1989లో, మా పెద్దక్క పెళ్ళికి. మూడోసారి 2005లో.

ఆ ప్రయాణం ఎలా ఉండేదో నేటి పిల్లలకు తెలియదు. హైదరాబాదు నుంచి కరాచీకి పక్షి ఎగిరితే సుమారు 1,450 కిలోమీటర్లు. మన వాళ్ళు మాత్రం ఢిల్లీకి, అక్కడి నుంచి అట్టారీకి, సరిహద్దు దాటి లాహోరుకు, లాహోరు నుంచి కరాచీకి, మొత్తం మూడు వేల కిలోమీటర్లకు పైగా రైళ్ళు మారుతూ పోవాలి. 1994లో బొంబాయిలోని పాకిస్తాన్ కాన్సులేటు మూతపడింది, కరాచీలోని మన కాన్సులేటూ ఆ రోజుల్లోనే మూసేశారు. అప్పటి నుంచి కరాచీ వాళ్ళు వీసా కోసం ఇస్లామాబాదు తొక్కాలి, మనం ఢిల్లీ తొక్కాలి. వీసాలో రాసిన ఊళ్ళకే వెళ్ళాలి. దిగిన 24 గంటల్లో పోలీసులకు హాజరు చెప్పాలి. 2005లో డెబ్భై ఏళ్ళు దాటిన మా ఖాలా ఒక కార్యాలయం బెంచీ మీద ఉదయం నుంచి అసర్ దాకా కూర్చున్నది. సంతకం పెట్టవలసిన అధికారి రాలేదు. చివరికి ఒక కానిస్టేబుల్ తన డబ్బులతో టీ తెప్పించి, “అమ్మా, రేపు నేనే దగ్గరుండి చేయిస్తాను” అన్నాడు, అన్నట్టే చేయించాడు. అతని పేరు ఖాలా తన దువాలో చాలా కాలం తలచుకునేది.

2012 సెప్టెంబరు 8న ఇరు దేశాల మంత్రులు ఇస్లామాబాదులో కొత్త వీసా ఒప్పందం మీద సంతకాలు చేశారు. అది మంచి ఒప్పందం. బంధువులను చూడవచ్చే వారికి మూడు ఊళ్ళకు బదులు ఐదు ఊళ్ళు. అరవై ఐదేళ్ళు దాటిన వారికి, అవతలి దేశస్థులను పెళ్ళాడిన వారికి, తల్లిదండ్రులతో వచ్చే పన్నెండేళ్ళ లోపు పిల్లలకు రెండేళ్ళ వీసా. అన్నిటికంటే ముఖ్యం: అరవై ఐదు దాటిన వృద్ధులు అట్టారీ గేటు దగ్గరికి నడచి వస్తే అక్కడికక్కడే 45 రోజుల వీసా. మా అమ్మ ఆ వార్త మాతో రెండుసార్లు చదివించుకున్నది. ఖాలాకు అప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. ముందు గదిలో మంచం మార్చి, ఆమె కోసం కింద వాలని కొత్త నవారు నేయించాము. 2013 జనవరి 15న ఆ సౌకర్యం మొదలు కావలసి ఉండగా, నియంత్రణ రేఖ దగ్గర మన సైనికులను చంపిన ఘటనతో ఆ రోజే ఆపేశారు.

ఖాలా మళ్ళీ రాలేదు. 2021లో పోయింది. జనాజా లేచే ముందు ఆమె మనవడు వాట్సాప్‌లో ముఖం చూపించాడు. అమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని “ఆపా, ఆపా” అంటుంటే, అటు నుంచి సిగ్నలు తెగిపోయింది.

ఇటువంటి కథ పాఠకుల్లో ఎందరి ఇళ్ళల్లోనో ఉంటుందని మాకు తెలుసు. ఎవరూ బయటికి చెప్పరు. కారణమూ తెలిసిందే. పాకిస్తాన్ పేరు ఎత్తితే ఎదుటివాడి చూపు మారుతుందని భయం. కూతురి సంబంధం మాట్లాడేటప్పుడు అటువైపు చుట్టరికం దాచే ఇళ్ళు ఉన్నాయి. పాస్‌పోర్టు విచారణకు వచ్చినప్పుడు ‘అక్కడ ఎవరూ లేరు’ అని చెప్పి, ఆ తరువాత అబద్ధం ఆడామే అని కుమిలిన ఒక పెద్దాయన మాకు తెలుసు. రక్తసంబంధాన్ని కాపాడుకోవడం, సిలా రహ్మీ, మన దీన్ మన మీద పెట్టిన బాధ్యత. దేశం పట్ల విధేయత కూడా బాధ్యతే. ఈ రెండింటికీ పోట్లాట పెట్టింది మనం కాదు. పహల్‌గామ్ హంతకులకు శిక్ష పడాలని కోరేవారిలో మనమూ ఉన్నాం. ఎనభై ఏళ్ళ వృద్ధురాలికి చెల్లెల్ని చూసే వీలు కావాలని కోరేదీ మనమే.

అయితే ఎవరిని కోరాలి? మన వాళ్ళు పింఛను పనికైనా, పాస్‌పోర్టు పనికైనా ఎమ్మెల్యే గుమ్మమే తొక్కుతారు. వీసాలు, విదేశీ వ్యవహారాలు, దిగుమతి సుంకాలు రాజ్యాంగం ప్రకారం కేంద్రం చేతిలోనివి. శాసనసభ తీర్మానం చేసినా అది ఢిల్లీకి రాసిన ఉత్తరమే అవుతుంది. అడగవలసింది పార్లమెంటు సభ్యులను. తెలంగాణ నుంచి లోక్‌సభలో 17 మంది, ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది; రాజ్యసభలో 7, 11. వీరంతా మన ఓట్లతోనో, మన ఎమ్మెల్యేల ఓట్లతోనో వెళ్ళినవారే. హిందువు, ముస్లిం అని చూడకుండా అందరినీ అడగాలి. ముస్లిం సభ్యుడి దగ్గరికే వెళితే ఇది ముస్లింల గొడవ అనుకుంటారు. కాదు. సింధ్ నుంచి వచ్చి హైదరాబాదులో వ్యాపారాలు చేసుకుంటున్న సింధీ హిందువుల గుళ్ళు, పూర్వీకుల ఊళ్ళు అటే ఉన్నాయి. పంజాబు సిక్కుల కోసం 2019 నవంబరులో తెరచిన కర్తార్‌పూర్ దారి 2025 మేలో మూతపడింది. మన వైద్యులు, ఉపవాసం ఉండే హిందూ గృహిణులు వాడే సైంధవ లవణం పేరులోనే సింధు ఉంది. అది తవ్వే ఖేవ్‌రా గనులు పాకిస్తాన్ పంజాబులో ఉన్నాయి.

వ్యాపారం సంగతి చూడండి. 2018-19లో, అంటే సుంకం పడిన ఏడాదిలో కూడా, మన ఎగుమతులు దాదాపు 200 కోట్ల డాలర్లు, అక్కడి నుంచి దిగుమతులు 50 కోట్ల డాలర్లలోపు. లాభం ఎవరిదో లెక్క తెలిసిన వారికి చెప్పనక్కరలేదు. అడ్డంకులు లేకపోతే ఈ వ్యాపారం 3,700 కోట్ల డాలర్ల దాకా పోగలదని 2018లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. అంత పెద్ద అంకెను మేము అనుమానంగానే చూస్తాం, కానీ పత్తి పండించే రైతు మాట వేరు. పాకిస్తాన్ మిల్లులకు పత్తి చాలదు. 2021 మార్చి 31న అక్కడి ఆర్థిక సమన్వయ కమిటీ భారతదేశపు పత్తి, చక్కెర కొనడానికి ఒప్పుకుంది. మిల్లు యజమానులు అడిగి అడిగి సాధించుకున్నారు. మర్నాడే మంత్రివర్గం దాన్ని కొట్టేసింది. అటువైపు కూడా తలుపు గడియ రాజకీయాల చేతిలోనే ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి మన బంధువులు కూడా అక్కడ తమ సభ్యులను అడగాలి. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

అడిగితే ఏమవుతుంది అని పెదవి విరిచేవారికి క్యూబా సంగతి చెబుతాం. అమెరికా తీరానికి 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ద్వీపం మీద 1962లో అమెరికా పూర్తి వాణిజ్య నిషేధం పెట్టింది. విప్లవానికి ముందు క్యూబా అమెరికా బియ్యానికి పెద్ద గిరాకీ. ఆ బియ్యం పండించే రాష్ట్రాల రైతులు, కోళ్ళ వ్యాపారులు ఏళ్ళ తరబడి తమ తమ సభ్యుల వెంట పడ్డారు. వారు కమ్యూనిస్టులు కారు, క్యూబా మీద ప్రేమా లేదు. ధాన్యం అమ్ముడుపోవాలి, అంతే. 2000లో కాంగ్రెసు చట్టం చేసి, రొక్కం ముందు చెల్లిస్తే ఆహార పదార్థాలు అమ్మవచ్చని దారి తీసింది. 2001 డిసెంబరులో మొదటి ఓడ వెళ్ళింది.

2004లో మరో సంగతి జరిగింది. అధ్యక్షుడు బుష్ ప్రభుత్వం క్యూబాలోని బంధువులను మూడేళ్ళకు ఒక్కసారే చూడాలని నియమం పెట్టింది. చూడదగిన బంధువులు ఎవరో కూడా చెప్పింది: తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, మనవలు, భార్యాభర్తలు. పిన్ని, మేనమామ, చిన్నాన్న కొడుకు ఆ లెక్కలోకి రారట! మా ఖాలా కథ తెలిసిన పాఠకులకు ఈ లెక్క ఎంత దుర్మార్గమో వేరే చెప్పాలా? క్యూబా మూలాల కుటుంబాల్లో చాలామంది అంతకు ముందు ఆంక్షలకు మద్దతుదారులే. ఈ నియమం వారిలోనే చీలిక తెచ్చింది. 2009లో ఒబామా దాన్ని ఎత్తివేశాడు. తరువాతి అధ్యక్షుడు ఇతర ప్రయాణాలను మళ్ళీ బిగించాడు, నిషేధం మొత్తంగా ఇంకా చట్టంలోనే ఉంది. 1996 చట్టం ప్రకారం దాన్ని ఎత్తివేయాలంటే కాంగ్రెసే పూనుకోవాలి. మన దగ్గర ఈ ఆంక్షలు చట్టాలు కావు, ప్రభుత్వ ఉత్తర్వులు. ఒక కలం పోటుతో పడినవి, మరో కలం పోటుతో పోగలవు. అందుకే మంత్రిని సభలో నిలబెట్టి అడిగే ప్రశ్నకు ఇక్కడ విలువ ఎక్కువ.

ప్రశ్న ఎలా వేయించాలి? సభ్యుడు పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు. వీసాల సంగతి హోం శాఖకు, కాన్సులేటు సంగతి విదేశాంగ శాఖకు, సుంకం సంగతి ఆర్థిక శాఖకు పోవాలి. అన్నీ ఒకే కాగితంలో కలిపితే ఎవరూ జవాబు చెప్పరు. ఇంకొక దారి కూడా ఉంది. లోక్‌సభకు పౌరులు నేరుగా పిటిషన్ పెట్టుకోవచ్చు, దాని మీద ఒక సభ్యుడు సంతకం చేసి సభ ముందు పెట్టవచ్చు. తెలుగులోనో, ఉర్దూలోనో రాస్తే ఇంగ్లీషు లేక హిందీ అనువాదం జత చేయాలి.

మేము మా పేటలో జుమా తరువాత పదిహేను ఇళ్ళ పెద్దలతో కూర్చుని ఒక వినతిపత్రం రాశాము. రెండు వారాలు పట్టింది, ఎందుకంటే ఒకరు కశ్మీరు ప్రస్తావన పెట్టాలన్నారు, ఇంకొకరు క్రికెట్టు కూడా పెట్టాలన్నారు. రెండూ తీసేశాము. మూడే కోరికలు మిగిలాయి. చావు, తీవ్రమైన జబ్బు విషయంలో తనిఖీ చేసే తీరులో తనిఖీ చేసి, రోజుల్లో తేల్చే వీసా ఇవ్వాలి. 2012లో ఇరు దేశాలు ఒప్పుకున్న వృద్ధుల వీసాను అమలు చేయాలి. తల్లిది ఒక పాస్‌పోర్టు, పిల్లలది మరొక పాస్‌పోర్టు అయిన ఇళ్ళను విడదీయకూడదు. 2025 ఏప్రిల్ చివరి రోజుల్లో అట్టారీ గేటు దగ్గర పిల్లలు అటు, తల్లి ఇటు నిలబడిన దృశ్యాలు అందరూ టీవీలో చూశారు. వాణిజ్యం మాట ఈ కాగితంలో పెట్టలేదు. అది పత్తి రైతుల సంఘాలు, వ్యాపారులు విడిగా అడిగితేనే బరువు ఉంటుందని మా అభిప్రాయం.

సంతకాల దగ్గర ముగ్గురు వెనకాడారు. ఒకరి కొడుకు ప్రభుత్వోద్యోగి. బలవంతం చేయలేదు. మా పక్క వీధి పత్తి వ్యాపారి, హిందువు, అడగకుండానే వచ్చి నాలుగో సంతకం చేశాడు. అమ్మ చేత ఉర్దూలో సంతకం చేయించాము. చేయి వణికి ‘నూన్’ చుక్క పక్కకు పోయింది. మళ్ళీ రాస్తానంది, అక్కర లేదన్నాము.

ఎంపీ గారి కార్యాలయంలో కాగితం ఇచ్చి, నకలు మీద తేదీ ముద్ర వేయించుకున్నాము. మీరూ ఇస్తే ముద్ర వేయించుకోవడం మరచిపోకండి. పాత వీసాలున్న పాస్‌పోర్టుల నకళ్ళే జత చేయండి. అసలువి ఎవరి చేతికీ ఇవ్వవద్దు.