చావు లేకపోతే... బతుకు తీపేనా?

చావు రాని మందు దొరికితే వద్దనేవాళ్లుంటారా! ఆ మందు కథ వినాలంటే పల్నాడు పోవాలి. సాగర్ నుంచి మాచర్ల దారిలో 11 కిలోమీటర్లు వెళితే ఎత్తిపోతల. చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, కృష్ణ వైపు సాగిపోతుంటుంది. ఎగువన సాగర్ జలాల నడుమ నాగార్జునకొండ. ఆ కొండకు పేరిచ్చిన బౌద్ధాచార్యుడూ, రసవాది నాగార్జునుడూ ఒకరేనా అన్నది పండితులు తేల్చలేదు. కథ మాత్రం ఉంది.

11వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు రాసిన ‘కథాసరిత్సాగరం’లో నాగార్జునుడు చిరాయువనే రాజుకు మంత్రి. రసాయనంతో తనకూ, రాజుకూ ముసలితనం లేకుండా చేశాడు. ఇంతలో పసివాడైన తన కొడుకు పోయాడు. ఆ దుఃఖంలో, ఇక ఏ ఇంటా చావుండకూడదని అమృతం తయారీకి పూనుకున్నాడు. దేవతలు అడ్డుపడి మాన్పించారు.

రాజు మాత్రం బతుకుతూనే ఉన్నాడు. యువరాజులే ఒకరి వెనక ఒకరు సింహాసనం ఎక్కకుండా పోయారు. చివరికి జీవహరుడనే కొడుకు మంత్రి తలనే దానమడిగాడు. అడిగినవారికి లేదనని వ్రతం నాగార్జునుడిది. మెడ వంచాడు. రసాయనం మహిమకు కత్తులే విరిగాయి! అప్పుడు తానే ఓ పొడి ఇచ్చి, కత్తికి పూయమన్నాడు.

బిడ్డను పోగొట్టుకున్న తండ్రి అమృతం కోరడం తప్పా? కానేకాదు. కానీ ఒకరు కదలకుండా కూర్చుంటే వెనకున్నవారి వంతు ఎప్పుడు? మాట కోసం ఇవ్వగలిగాడు కాబట్టే నాగార్జునుడి ప్రాణానికి విలువ. వందల ఏళ్లు బతికిన చిరాయువు గురించి చెప్పుకోవడానికి ఏముంది... వయసు తప్ప!