గిటార్ ప్రాసెసర్‌కీ ఆంప్‌కీ పని పంపకం

హెడ్‌ఫోన్లలో అచ్చం రికార్డులోలా మోగిన ప్రాసెసర్, ఇంట్లో ఉన్న ఆంప్‌కి తగిలించేసరికి గొంతు పట్టేసినట్టు వినిపిస్తుంది. డిస్టార్షన్ గరగరమంటుంది, క్లీన్ టోన్ మసకబారుతుంది. కొత్తగా కొన్నవాళ్లలో చాలామందికి ఇదే మొదటి అనుభవం. ముందు ఆంప్ మీద అనుమానం వస్తుంది, ఆ తర్వాత కేబుల్ మీద, చివరికి ప్రాసెసర్ అమ్మిన షాపు మీద. చాలా సార్లు ఈ మూడూ బాగానే ఉంటాయి. ఒకే పనిని రెండు పెట్టెలూ చేస్తుండడమే అసలు తిరకాసు. ఏ పని ఎవరిదో ఒక్కసారి ఒంటబడితే, వెనక ఎన్ని జాక్‌లున్నా కంగారు పడాల్సిన పని ఉండదు.

అందుకని ముందు ఆంప్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, మామూలుగా వోల్టులో కొంత భాగమే. ఆంప్‌లో మొదటి అర ప్రీ ఆంప్. అది ఆ సిగ్నల్‌ని పెంచుతుంది. గెయిన్, బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు ఉండేది అక్కడే, టోన్‌కి రంగు పడేదీ అక్కడే. రెండోది పవర్ ఆంప్. స్పీకర్‌ని కదిలించే బలం అది ఇస్తుంది. మూడోది స్పీకర్, అది బిగించిన చెక్క పెట్టె, అంటే క్యాబ్. దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, కానీ టోన్‌లో పెద్ద వాటా దానిదే. పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్‌జ్ దాటాక శబ్దాన్ని గట్టిగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే కీచుదనమంతా ఉండేది ఆ పైభాగంలోనే. మనం రాక్ గిటార్ అని చెవికి అలవాటు చేసుకున్న ధ్వని, స్పీకర్ ఆ పైభాగాన్ని కోసేయగా మిగిలింది.

డిజిటల్ ప్రాసెసర్ ఈ మూడు పనులనూ లెక్కల్లో చేసి చూపిస్తుంది. లైన్ 6 కంపెనీ 1998లో తెచ్చిన పాడ్ ఈ దారిని బాగా జనంలోకి తీసుకెళ్లింది. కిడ్నీ ఆకారంలో ఉన్న ఆ ఎర్ర పెట్టెని రికార్డింగ్ బల్ల మీద పెట్టుకుంటే, గదిలో ఆంపూ దాని ముందు మైకూ లేకుండానే గిటార్ ట్రాక్ తయారయ్యేది. ఇప్పటికీ ప్రాసెసర్లలో ఫ్యాక్టరీ ప్యాచ్‌లు, అంటే కంపెనీ ముందే కుదిర్చి ఇచ్చే టోన్‌లు, ఎక్కువగా ఆ పద్ధతివే. వాటిలో ఆంప్ మోడల్ ఉంటుంది, క్యాబ్ మోడల్ ఉంటుంది, ఎదురుగా మైకు పెట్టినట్టు లెక్క కూడా ఉంటుంది. నేరుగా హెడ్‌ఫోన్లకో మిక్సర్‌కో వెళ్లడానికి అన్నీ సిద్ధమైన ధ్వని అది. దాన్ని తీసుకెళ్లి అసలు ఆంప్ ముందు జాక్‌లో గుచ్చితే, తాలింపు పెట్టిన పప్పుకి మళ్లీ తాలింపు పెట్టినట్టే. ప్రీ ఆంప్ రంగు రెండుసార్లు పడుతుంది, స్పీకర్ కోత రెండుసార్లు పడుతుంది.

ముందు జాక్‌లోనే గుచ్చాలనుకుంటే, అది తప్పేమీ కాదు. ఒక్క షరతు: ప్రాసెసర్‌లో ఆంప్ మోడల్, క్యాబ్ మోడల్ ఆపేయాలి. ఓవర్‌డ్రైవ్, వా, కోరస్ లాంటి పెడల్ పనులు మాత్రమే దాని చేత చేయించాలి. ఆంప్‌ని క్లీన్‌గా పెట్టుకునేవాళ్లకి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. ఆంప్‌లోనే డిస్టార్షన్ పెంచి వాయించేవాళ్లకి మాత్రం ఇబ్బంది ఉంది. ప్రాసెసర్ ఇచ్చిన డిలే, రివర్బ్ ఆంప్ గెయిన్‌లోకి దూరి నలిగిపోతాయి. నోటు వెనక విడిగా వినపడాల్సిన ప్రతిధ్వనులన్నీ ఒక ముద్దయిపోతాయి.

ఆంప్ మోడల్‌ని ఆపకుండానే ముందు జాక్‌లో గుచ్చి వాయించాలన్న పట్టుదల ఉంటే, కనీసం క్యాబ్‌నైనా ఆపండి. చాలా ప్రాసెసర్లలో దీనికోసమే ఒక అవుట్‌పుట్ సెట్టింగ్ ఉంటుంది. బాస్ కంపెనీ జీటీ శ్రేణిలో జేసీ-120, కాంబో ఆంప్, స్టాక్ ఆంప్, కాంబో రిటర్న్, లైన్/ఫోన్స్ వంటి ఎంపికలు కనిపిస్తాయి. దేనికి తగిలించారో ప్రాసెసర్‌కి చెప్పడమే వాటి పని. మాన్యువల్‌లో ఈ ఒక్క పేజీ చదవక నెలల తరబడి ప్యాచ్‌లతో కుస్తీ పట్టేవాళ్లు ఎందరో! ఇంకో కిటుకు. ఫెండర్ తరహా ఆంప్‌లలో నాబ్‌లన్నీ మధ్యలో పెట్టినా ధ్వని సమంగా ఉండదు. ఆ సర్క్యూట్ స్వభావం ప్రకారం మిడ్ లోతుగా పడిపోతుంది. బేస్, ట్రెబుల్ బాగా తగ్గించి మిడ్‌ని చివరిదాకా తిప్పితే దాదాపు సమమవుతుంది. చూడ్డానికి విడ్డూరంగా ఉంటుంది, వినడానికి బాగుంటుంది.

ఇంతకన్నా శుభ్రమైన దారి ఆంప్ వెనక ఉంటుంది. అక్కడ సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లుంటే దాన్నే ఎఫెక్ట్స్ లూప్ అంటారు. ప్రీ ఆంప్ ముగిసి పవర్ ఆంప్ మొదలయ్యే చోట తెరిచిన తలుపు అది. సెండ్ నుంచి ప్రీ ఆంప్ ధ్వని బయటికొస్తుంది. రిటర్న్‌లో గుచ్చింది నేరుగా పవర్ ఆంప్‌కి పోతుంది. ప్రాసెసర్‌లోని ఆంప్ మోడళ్లే మీకు ఇష్టమైతే, గిటార్‌ని ప్రాసెసర్‌కి, ప్రాసెసర్ అవుట్‌పుట్‌ని ఆంప్ రిటర్న్‌కి కలపండి. క్యాబ్ మోడల్ మాత్రం ఆపండి, ఎందుకంటే స్పీకర్ ఎదురుగానే ఉంది. అక్కడితో ఆంప్ సొంత రంగు చాలావరకు పక్కకి తప్పుకుంటుంది.

ఇలా కలిపినప్పుడు ఆంప్ మీద గెయిన్, ట్రెబుల్ నాబ్‌లు ఎంత తిప్పినా ఏమీ జరగదు. అది పాడవడం కాదు, సిగ్నల్ ఆ నాబ్‌ల దాకా పోవడమే లేదు. కొన్ని ఆంప్‌లలో మాస్టర్ వాల్యూమ్ కూడా ఈ దారిలో పడదు, ప్రాసెసర్ నాబ్ ఒక్కటే దిక్కు. కాబట్టి మొదటిసారి ప్రాసెసర్ వాల్యూమ్‌ని సున్నాలో పెట్టి, మెల్లగా పెంచుకుంటూ రావాలి. వంద వాట్ల ఆంప్ ఒక్కసారిగా అరిస్తే ఇంట్లోవాళ్ల సంగతి అటుంచండి, మీ చెవులకే ప్రమాదం.

అన్ని ఆంప్‌లకీ లూప్ ఉండదు. ఫెండర్ డీలక్స్ రివర్బ్‌కి లేదు, పాత మార్షల్ జేసీఎం800 2203కి లేదు. బాస్ కటానా 50 రెండో తరంలో వెనక పవర్ ఆంప్ ఇన్ ఉంది గానీ సెండ్ లేదు. అంటే రిటర్న్ పద్ధతి కుదురుతుంది, ఇప్పుడు చెప్పబోయే నాలుగు కేబుళ్ల పద్ధతి కుదరదు. చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లలో ఆక్స్ ఇన్ అని ఉంటే దాన్ని వాడి చూడండి. మామూలుగా అది గెయిన్, టోన్ దాటాకే కలుస్తుంది.

నాలుగు కేబుళ్ల పద్ధతి పేరు వింటే భయమేస్తుంది, తగిలిస్తే పది నిమిషాల పని. ఆంప్ సొంత డిస్టార్షన్ మీద ప్రేమ ఉండి, డిలే, రివర్బ్ మాత్రం దాని తర్వాత రావాలనుకునేవాళ్ల కోసం ఇది. ప్రాసెసర్‌కి కూడా తనదైన సెండ్, రిటర్న్ ఉండాలి, కొనేముందు చూసుకోండి. మొదటి కేబుల్ గిటార్ నుంచి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కి. రెండోది ప్రాసెసర్ సెండ్ నుంచి ఆంప్ ముందు జాక్‌కి. మూడోది ఆంప్ వెనక సెండ్ నుంచి ప్రాసెసర్ రిటర్న్‌కి. నాలుగోది ప్రాసెసర్ అవుట్‌పుట్ నుంచి ఆంప్ వెనక రిటర్న్‌కి. అవుట్‌పుట్ జాక్‌లు రెండుంటే, ఎడమ, మోనో అని రాసి ఉన్నదాన్నే వాడండి. సిగ్నల్ ప్రాసెసర్‌లోకి వెళ్లి, మధ్యలో ఆంప్ ప్రీ ఆంప్‌ని చుట్టి వచ్చి, మళ్లీ ప్రాసెసర్ మీదుగా పవర్ ఆంప్‌కి చేరుతుంది.

ఇక ప్రాసెసర్ తెర మీద ఎఫెక్ట్‌ల వరసలో లూప్ అనే బ్లాక్ ఒకటి పెట్టాలి. ఆంప్ ప్రీ ఆంప్ కూర్చునే చోటు అదే. వా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ దానికి ముందు పెట్టండి. డిలే, రివర్బ్ దాని తర్వాత. ఈ ప్యాచ్‌లో ఆంప్ మోడల్, క్యాబ్ మోడల్ రెండూ బంద్. ఇక్కడే ఈ పద్ధతిలోని అసలు సొగసు ఉంది. ఇంకో ప్యాచ్‌లో లూప్ బ్లాక్‌ని ఆపి, ప్రాసెసర్‌లోని ఆంప్ మోడల్‌ని ఆన్ చేస్తే, కేబుల్ ఒక్కటి కూడా కదపకుండా అది రిటర్న్ పద్ధతిగా మారిపోతుంది. చరణంలో మీ ఆంప్ ప్రీ ఆంప్, సోలోలో ప్రాసెసర్ మోడల్, మధ్యలో కాలితో ఒక నొక్కు.

లెవెల్ కుదరకపోతే మాత్రం ఇదంతా వృథా. గిటార్ స్థాయి వేరు, లైన్ స్థాయి వేరు. ఇళ్లలో వాడే పరికరాల లైన్ స్థాయి సుమారు 0.3 వోల్టులైతే, స్టూడియో పరికరాలది సుమారు 1.2 వోల్టులు. 1975 నుంచి వస్తున్న రోలాండ్ జేసీ-120 వెనక లూప్ దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాని రెండు స్థానాల మధ్య తేడా 24 డెసిబెల్స్, వోల్టుల్లో చెప్పుకుంటే దాదాపు పదహారు రెట్లు. అది తప్పు వైపు ఉంటే ధ్వని పీలగా, బుస్సుమంటూ వస్తుంది, లేదా చితికిపోతుంది. లైన్ 6 హీలిక్స్‌లో ఇదే ఎంపికని గ్లోబల్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్, లైన్ అని పెట్టారు. సరిచూసుకోవడం తేలిక. ఎఫెక్ట్‌లన్నీ ఆపి లూప్ ఒక్కటే ఉంచి వాయించండి. తర్వాత గిటార్‌ని నేరుగా ఆంప్‌లో గుచ్చి వాయించండి. రెండిట్లో వాల్యూమ్ ఒకేలా ఉంటే లెవెల్ కుదిరినట్టే. కొన్ని లూప్‌లకి మిక్స్ నాబ్ ఉంటుంది, దాన్ని నూరు శాతంలో పెట్టండి. లేకపోతే అసలు ధ్వనీ, ప్రాసెసర్‌లో రెప్పపాటు ఆలస్యమై వచ్చిన ధ్వనీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బోలుగా వినిపిస్తాయి.

ఒక్క జాక్ జోలికి మాత్రం పొరపాటున కూడా పోకండి. ఆంప్ వెనక స్పీకర్ అవుట్ అని రాసి ఉన్నదాన్ని ప్రాసెసర్‌కి కలపకూడదు. వంద వాట్ల ఆంప్ ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కి పూర్తి బలంతో 28 వోల్టుల దాకా పంపుతుంది. ఒకటి రెండు వోల్టులకి తయారైన ప్రాసెసర్ ఇన్‌పుట్ దాన్ని తట్టుకోదు. వాల్వ్ ఆంప్ అయితే స్పీకర్ ఊడదీసి వాయించడమే ప్రమాదం, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

మన వైపు చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్ ఆంప్ స్టేజీ మీద కనిపించడం తక్కువ. ప్రాసెసర్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. మిక్సర్‌కి కలిసిన పెద్ద స్పీకర్లు పైభాగాన్ని కోయవు, ఉన్నదున్నట్టు వినిపిస్తాయి. కాబట్టి క్యాబ్ మోడల్ తప్పకుండా ఆన్‌లో ఉండాలి. ఇంట్లో ఆంప్ కోసం క్యాబ్ తీసేసిన ప్యాచ్‌నే ఆదివారం ఆరాధనలో వాడితే, డిస్టార్షన్ నొక్కగానే సౌండ్ చూసుకునే అన్న తల తిప్పి మీ వైపు చూస్తాడు. అందుకే ప్రతి ప్యాచ్‌కీ రెండు కాపీలు చేసి, ఒకటి ఆంప్, ఒకటి మిక్సర్ అని పేరు పెట్టుకోవడం మంచిది. మిక్సర్ దూరంగా ఉంటే మధ్యలో డీఐ బాక్స్ పెట్టండి. దాని వల్ల పొడుగాటి కేబుల్ రొద పట్టదు. మైకుల కోసం మిక్సర్ పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ప్రాసెసర్‌లోకి రాకుండా కూడా అది ఆపగలదు. గిటార్‌ని మాత్రం ప్రాసెసరూ డీఐ బాక్సూ ఏవీ లేకుండా మిక్సర్ లైన్ జాక్‌లో గుచ్చకండి. పికప్‌కి పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. లైన్ జాక్‌లో ఉండేది సాధారణంగా పదివేలో ఇరవైవేలో. ట్రెబుల్ అంతా అక్కడే ఇంకిపోతుంది.

నాలుగు కేబుళ్లు తగిలించాక బుయ్‌మని హమ్ మొదలైతే, ఎర్త్ రెండు దారుల్లో చుట్టుకుందని అర్థం. ముందు ప్రాసెసర్ అడాప్టర్‌నీ ఆంప్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. తగ్గకపోతే ఆంప్ ముందు జాక్‌కి వెళ్లే కేబుల్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టండి. కొందరు మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేసి, హమ్ పోయిందని సంబరపడతారు. ఆంప్ లోపల ఏదైనా తెగి కరెంటు బాడీకి తగిలితే, గిటార్ తీగల మీదుగా మీ చేతికి వస్తుంది. ఆ స్థితిలో పాడటానికి మైకుకి పెదవి ఆనించారా, ప్రాణం మీదికొస్తుంది. మన పాత ఇళ్లలో కొన్ని చోట్ల గోడ సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నా, దాని వెనక వైరు ఉండదు. కొత్త చోట వాయించే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించుకోండి.

చివరగా ప్యాచ్‌లు తయారు చేసుకునే వేళ గురించి. రాత్రి అందరూ పడుకున్నాక సన్న వాల్యూమ్‌లో కుదిర్చిన టోన్, రిహార్సల్‌లో పెంచితే బేస్ దద్దరిల్లుతుంది, ట్రెబుల్ గుచ్చుకుంటుంది. వాల్యూమ్ తక్కువైనప్పుడు మన చెవికి ఈ రెండు కొసలూ తక్కువ వినపడతాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. వాటిని పెంచుకున్నది మనమే, ఆ సంగతి రాత్రి మన చెవి చెప్పదు. అందుకని చివరి దిద్దుబాటు డ్రమ్స్ మోగుతుండగానే చేయాలి. గెయిన్ కాస్త తగ్గించండి, మిడ్ కాస్త పెంచండి, రివర్బ్ సగానికి దించండి. సోలో ప్యాచ్‌ని మిగతావాటి కన్నా మూడు డెసిబెల్స్ పైన పెట్టి, ఇంటికి బయల్దేరే ముందు సేవ్ నొక్కండి.