అది నేల ఉసిరేనా?

ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడ్డాయంటే చాలు.. పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది నేల ఉసిరి. నాలుగు వానలు పడితే ప్రొద్దుటూరు ఖాళీ స్థలాల్లో, జమ్మలమడుగు నల్లరేగడి చేల గట్ల మీద, పులివెందుల అరటి, చీనీ తోటల్లో ఇలాంటి మొక్కలు కనిపిస్తాయి. చిక్కేమిటంటే, ఆ పేరుతో పీక్కొచ్చేది ప్రతిసారీ ఒకే మొక్క కాదు!

కామెర్ల మందుగా పేరున్నది ఫిల్లాంథస్ అమారస్. దానికి దగ్గరి చుట్టం ఫిల్లాంథస్ మద్రాసపటెన్సిస్. మద్రాసు పేరు మోస్తున్న ఈ మొక్క మెట్ట చేలల్లో బాగా పెరుగుతుంది. పాత పుస్తకాలు మరో తికమక పెట్టాయి. మన మొక్కనే నిరూరి అని రాశాయి. అసలు నిరూరి అమెరికా ఖండాలది.

కాండం చెబుతుంది

రెండింటికీ ఆకు మొదట్లో ఆవగింజకు కాస్త పెద్దవైన గుండ్రటి కాయలుంటాయి. కాబట్టి కాయను చూసి నమ్మకూడదు. నిలువు కాండం చూడాలి. అమారస్‌కు దాని మీద ఆకులుండవు. పక్కకు సాగిన సన్నటి రెమ్మలకే రెండు వరుసల్లో ఉంటాయి. చూడ్డానికి చింతాకు రెమ్మలా అనిపిస్తుంది. చీకటి పడితే ఆకులు ముడుచుకుంటాయి. మద్రాసపటెన్సిస్‌కు కాండం మీదా ఆకులుంటాయి. ఆకు కొన వెడల్పుగా, మొదలు సన్నగా ఉంటుంది. భూతద్దం ఉంటే పువ్వునూ చూడొచ్చు. రేకుల్లాంటివి అమారస్‌కు ఐదు, రెండోదానికి ఆరు.

కాడ ఎర్రగా, కాయ గరుగ్గా ఉంటే? అది మూడో చుట్టం, యూరినారియా.

పరీక్ష ముందు.. పసరు తర్వాత

1988లో 'లాన్సెట్' పత్రికలో మద్రాసు పరిశోధన ఒకటి వచ్చింది. హెపటైటిస్-బి ఉన్నవారికి అమారస్ పొడి ఇస్తే 59 శాతం మందిలో వైరస్ ఆనవాలు కనిపించలేదన్నది దాని సారాంశం. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అలాంటి ఫలితం రాలేదు.

ఇంకో సంగతి.. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది. ఆ పేరు పసరుకు దక్కుతుంది! కానీ పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. దాన్ని ఏ ఆకూ కరిగించలేదు. అందుకే మొదట రక్తపరీక్ష చేయించాలి. మనిషి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, వాంతులు ఆగకపోయినా చేనుగట్టుకు కాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.